ఏజెంటుకు దేనికి డబ్బిస్తున్నాం? ఒక పాత ఫ్లాటు కొనుగోలు కేసు

నేను హైదరాబాదులో ఆస్తి పత్రాలు పరిశీలించి అభిప్రాయం రాసిచ్చే న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చే కొనుగోలుదారుల్లో ఎక్కువమంది అప్పటికే ఒక ఏజెంటుతో మాట్లాడుకుని, ఎంతో కొంత డబ్బు ఇచ్చేసి వస్తారు. పత్రాలు సరిగా ఉన్నాయా అని అడుగుతారు. చాలాసార్లు నేను ముందుగా చూసుకోవలసి వచ్చేది మరొకటి: ఆ పత్రాలు మా దాకా ఎవరి చేతి మీదుగా వస్తున్నాయి, వాటిని తెచ్చే మనిషికి ఏం జరిగితే డబ్బు వస్తుంది? 2023లో వచ్చిన ఈ కేసులో ఆ ప్రశ్నే మొత్తం వ్యవహారాన్ని మలుపు తిప్పింది. వ్యక్తులనూ, ప్రాంతాన్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

కొనుగోలుదారులు ఇద్దరూ ఉద్యోగస్తులు. భర్త ప్రైవేటు సంస్థలో, భార్య ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తారు. పిల్లల బడికి దగ్గరగా నగరానికి పడమటి వైపు ఫ్లాటు కావాలనుకున్నారు. తెలిసినవారి ద్వారా ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. మనిషి ఆ కాలనీల్లోనే చాలా ఏళ్లుగా తిరుగుతున్నవాడు. ఏ బ్లాకులో వేసవికి బోరు ఎండిపోతుందో, ఏ సొసైటీలో లిఫ్టు మరమ్మతుల మీద గొడవలున్నాయో, నిరుడు ఏ ఫ్లాటు ఎంతకు పోయిందో నోటి లెక్కన చెప్పగలడు. ఈ సమాచారం ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. అందుకే ఏజెంటును పక్కన పెట్టి ఇల్లు కొనుక్కోండి అని నేను ఎవరికీ చెప్పను.

ఆయన ముందు చూపించింది ఒక ప్రీ లాంచ్ ప్రాజెక్టు. ఇంకా అనుమతులు రాలేదు, ఇప్పుడే మొత్తం కట్టేస్తే చదరపు అడుగు ధర బాగా తగ్గుతుంది అన్నాడు. దంపతులు దాన్ని వద్దనుకోవడం మంచిదైంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం నమోదు కావలసిన ప్రాజెక్టులో నమోదుకు ముందు ఫ్లాట్లు అమ్మకూడదు, అలాంటి అమ్మకానికి ఏజెంటు సహకరించకూడదు. అయినా ఇలాంటివి ఎందుకు చూపిస్తారంటే, బిల్డరు ఇచ్చే కమిషన్ పాత ఫ్లాటు మీద వచ్చేదానికంటే చాలా ఎక్కువగా ఉంటుంది. మొదటి రోజే కనిపించిన ఈ సంగతిని నేను తర్వాత గుర్తుంచుకున్నాను. ఆ మనిషి చెడ్డవాడని తేల్చేయడానికి అది చాలదు. ఆయన మాట ఎటు మొగ్గుతుందో మాత్రం అందులో కనబడింది.

రెండో విడత చూపించిన వాటిలో ఒక పాత ఫ్లాటు వాళ్లకు నచ్చింది. అమ్మేవారు 2012లో నేరుగా బిల్డరు దగ్గర కొన్నది. అడిగిన ధర 88 లక్షలు. అక్కడే భర్త, మనసులో మాట దాచుకోవడం అలవాటు లేని మనిషి కావడంతో, “గట్టిగా మాట్లాడితే 85 దాకా చూస్తామండీ” అన్నారు. మరుసటి సాయంత్రానికి అమ్మేవారు 88 నుంచి 85కు దిగి, అక్కడే బిగుసుకున్నారు. ఏజెంటు ఇరువైపులా కమిషన్ తీసుకుంటున్నాడన్న సంగతి అప్పటికి వీళ్లకు తెలియదు. అడగలేదు కూడా.

నా దగ్గరికి వచ్చేనాటికి

లక్ష రూపాయల టోకెన్ అడ్వాన్సు ఏజెంటు సొంత ఖాతాకు ఫోన్ ద్వారా వెళ్లిపోయింది. రసీదు లేదు. “టోకెన్ అందింది” అన్న ఒక్క వాట్సాప్ సందేశం ఉంది. అందులో ఫ్లాటు నంబరు గానీ, ధర గానీ, డబ్బు ఎప్పుడు తిరిగివ్వాలో గానీ లేదు. వారంలోగా పది లక్షలిచ్చి అగ్రిమెంటు రాసుకోవాలి, లేకపోతే ఇంకొక పార్టీ సిద్ధంగా ఉంది, టోకెన్ పోతుంది అన్నది ఏజెంటు మాట. అమ్మేవారు బెంగళూరులో ఉంటారని, ఆయన తమ్ముడి పేర జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఉందని, అన్నీ తమ్ముడే చూసుకుంటాడని చెప్పాడు. టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి కొనేవారు మినహాయించి కట్టే పన్ను) సంగతి అడిగితే ఒక శాతం కట్టేస్తే సరిపోతుందన్నాడు.

దంపతులు నన్ను అడిగింది ఒక్కటే: ఈ వారంలోగా పత్రాలు చూసి సరే అనగలరా?

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) నేనే తీసుకున్నాను. అందులో ఏ చిక్కూ లేదు. కానీ ఈసీ రిజిస్టరైన లావాదేవీలనే చూపిస్తుంది. యజమాని ఏ దేశంలో ఉన్నాడు, జీపీఏలో ఏ అధికారాలు రాసి ఉన్నాయి, సొసైటీకి బాకీ ఉందా అన్నవి అందులో ఉండవు. జీపీఏ ఫోటోలు అడిగితే మొదటి పేజీ, చివరి పేజీ వచ్చాయి. మధ్య పేజీలు రాలేదు. చివరి పేజీ అంచున ఒక గుండ్రటి ముద్ర సగం కనిపిస్తోంది. మన నోటరీ ముద్రలా లేదు. విదేశంలోని భారత కాన్సులేటు ముద్ర కావచ్చన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది. అమ్మేవారు విదేశంలో ఉంటే వ్యవహారం పూర్తిగా మారిపోతుంది.

ఫలించని ప్రయత్నాలు

మొదట కావలసిన పత్రాల జాబితా రాసి ఏజెంటుకు పంపాం: లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం), ఆస్తి పన్ను రసీదు, సొసైటీ నుంచి బాకీ లేదన్న లేఖ, పూర్తి జీపీఏ. నాలుగైదు ఫోటోలు వచ్చాయి. మిగిలినవాటికి జవాబు, “ఆ బ్లాకులో బ్యాంకులు ఎన్నో లోన్లు ఇచ్చాయి సార్, అంతా క్లియర్.” బ్యాంకు పక్క ఫ్లాటుకు లోనిచ్చిందంటే ఆ స్థలం టైటిల్ (యాజమాన్య హక్కు) మీద కొంత భరోసా ఉన్నట్టే. కానీ ఈ ఫ్లాటు అమ్మే అధికారం ఈ తమ్ముడికి ఉందా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. జాబితా పంపడం వల్ల జరిగింది ఒక్కటే, లాయరు వచ్చాడు, ఇక ఆలస్యమవుతుందని ఏజెంటు గ్రహించాడు. ఆయన తొందర ఇంకా పెరిగింది.

ఈ లోపు దంపతులు నాకు చెప్పకుండానే వాచ్‌మన్ ద్వారా అమ్మేవారి తమ్ముడి నంబరు సంపాదించి నేరుగా మాట్లాడారు. కమిషన్ మిగిలితే ఆ డబ్బు ఇంటీరియర్లకు పనికొస్తుందన్న ఆలోచన. తమ్ముడు ఆ సాయంత్రమే ఏజెంటుకు ఫోన్ చేశాడు. ఏజెంటు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన తర్వాత ధర 86 అయింది. నేను ఈ దారిని ఎప్పుడూ ఒప్పుకోను. ఇల్లు చూపించి, తిప్పి, రెండు పక్షాలనూ కలిపిన మనిషి కష్టాన్ని ఎగ్గొట్టడం తప్పు. వ్యవహారపరంగా చూసినా, లోపలి సంగతులు తెలిసిన ఒకే ఒక్క మనిషిని అవతలి వైపుకు నెట్టేయడమే.

మూడోది, బ్యాంకు మీద ఆధారపడటం. లోను ఇచ్చే బ్యాంకు తన న్యాయవాదితో పత్రాలు చూపిస్తుంది కదా, అది చాలు అనుకున్నారు. బ్యాంకువారు అగ్రిమెంటు తెస్తేనే ఫైలు ముందుకు కదులుతుందన్నారు. అంటే పది లక్షలు చేయి దాటిన తర్వాతే ఆ పరిశీలన మొదలవుతుంది. పైగా బ్యాంకు న్యాయవాది చూసేది బ్యాంకు అప్పుకు ఈ ఆస్తి హామీగా నిలుస్తుందా అన్నది. పార్కింగు ఎక్కడ, పన్ను మినహాయింపు సరిగా జరిగిందా అన్నవి కొనేవాడి తలనొప్పులు.

ఏజెంటుతో విడిగా మాట్లాడినప్పుడు

అక్కడ నేను ఆగి ఆలోచించాను. గట్టిగా అడిగితే పత్రాలు రావడం లేదు. ఆయనను దాటి వెళ్తే పని చెడిపోయింది. రెరా అధికార సంస్థకు ఫిర్యాదు చేసే దారీ ఇక్కడ అంతగా ఉపయోగపడదు. ఏజెంటు కార్డు మీద రెరా నమోదు నంబరు ఉంది, కానీ 2012లో కొన్న ఫ్లాటును ఒక వ్యక్తి మరొకరికి తిరిగి అమ్మడం నమోదైన ప్రాజెక్టు అమ్మకం కిందికి రాదు. అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదన్న రెరా నిబంధన కూడా బిల్డరుకే వర్తిస్తుంది. పాత ఫ్లాటు కొనేవారికి మిగిలే రక్షణ వాళ్లు స్వయంగా రాసుకున్న కాగితమే.

దంపతుల అనుమతితో ఏజెంటును ఒంటరిగా నా ఆఫీసుకు పిలిచాను. ఎందుకింత తొందర అని అడిగాను. ఆయన చెప్పినదాన్ని నేను నమ్మాను. నెలల తరబడి ఇళ్లు చూపించిన పార్టీలు చివర్లో నేరుగా మాట్లాడుకుని రిజిస్ట్రేషన్ చేసుకున్నారట. రిజిస్ట్రేషన్ రోజున సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం మెట్ల మీద కమిషన్‌లో సగం కోసినవాళ్లూ ఉన్నారట. అందుకని అగ్రిమెంటు రోజే తన డబ్బు తీసేసుకోవడం ఆయన అలవాటు. అగ్రిమెంటు త్వరగా అయితే డబ్బు, ఆగితే ఏమీ లేదు. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషి అగ్రిమెంటును ఆపే సంగతి ఏదీ తనంతట తాను బయటపెట్టడు. జీపీఏ మధ్య పేజీలు రాకపోవడానికి కారణం అదేనని నాకు అర్థమైంది.

నేను దంపతులకు చెప్పిన ఉపాయం ఇది. ఏజెంటు కొనుగోలుదారుల నుంచి రెండు శాతం అడుగుతున్నాడు. ఆ మొత్తాన్ని మరీ తగ్గించే పట్టుదల వదిలేయండి. ఒకటిన్నర శాతం ఇవ్వండి, కానీ ఎప్పుడు, దేనికి ఇస్తున్నారో మార్చండి. చివరికి కుదిరిన 84 లక్షల ధర మీద ఒకటిన్నర శాతం అంటే లక్షా 26 వేలు. దాన్ని మూడు సమాన భాగాలు చేద్దాం. మొదటి 42 వేలు అన్ని పత్రాలూ, తనకు తెలిసిన సంగతులన్నీ మన ముందు పెట్టి, నేను అభిప్రాయం రాసిచ్చిన రోజున. పత్రాల్లో లోపం వల్ల మనం కొనకపోయినా ఆ భాగం ఆయనదే. రెండోది రిజిస్ట్రేషన్ రోజున. మూడోది తాళాలు, ఒరిజినల్ పత్రాలు, సొసైటీ లేఖ, కరెంటు మీటరు పేరు మార్పు కాగితాలు చేతికొచ్చాక.

భార్య వెంటనే అడ్డు చెప్పారు. “కొనని ఇంటికి ఇంత డబ్బు ఎందుకివ్వాలండీ?” న్యాయమైన ప్రశ్నే. కొనకూడని ఇల్లు కొనకుండా ఆగినందుకు అది ధర అని నేను చెప్పాను. ఏజెంటుకు నిజం చెబితే నష్టం, దాస్తే లాభం అన్న ఏర్పాటులో మనం ఎన్ని పత్రాలు అడిగినా సగమే వస్తాయి. నిజం చెప్పినా డబ్బొస్తుందని తెలిస్తే ఆయన దగ్గర దాచడానికి కారణం ఉండదు. ఆమె ఒక రాత్రి ఆలోచించుకుని ఒప్పుకున్నారు, ఒక షరతుతో: అమ్మేవారి నుంచి ఎంత తీసుకుంటున్నాడో కూడా ఆ కాగితంలో రాయాలి. నేను ఆ మాట రాయించేవాణ్ణే, కానీ ఆమె అడగడం నాకు ఎక్కువ నచ్చింది.

కాగితం ఒక పేజీకి మించలేదు. పై మూడు భాగాలు, అమ్మేవారి వైపు కమిషన్ ఎంతో వెల్లడి, టోకెన్ లక్ష దంపతులకు తిరిగివ్వాలని, ఇకపై ఏ డబ్బూ ఏజెంటు ఖాతాకు వెళ్లదని, ఈ ఫ్లాటును ఆయన ద్వారా తప్ప దంపతులు కొనరని. ఈ చివరి వాక్యం కోసం ఏజెంటు మిగిలినవన్నీ ఒప్పుకున్నాడనిపించింది. ఆయన భయమంతా అక్కడే ఉంది మరి. సంతకాలయ్యాక టోకెన్ డబ్బు తిరిగి వచ్చింది.

తర్వాత బయటపడినవి

జీపీఏ మొత్తం కొద్ది రోజుల్లోనే వచ్చింది. అమ్మేవారు అమెరికాలో స్థిరపడ్డారు. జీపీఏ అక్కడి భారత కాన్సులేటులో రాసింది. అందులో తమ్ముడికి అద్దెకివ్వడానికి, పన్నులు కట్టడానికి, సొసైటీ ముందు హాజరు కావడానికి అధికారాలున్నాయి. అమ్మే అధికారం గానీ, అమ్మకం డబ్బు తీసుకునే అధికారం గానీ లేదు. ఆ కాగితం పట్టుకుని పది లక్షల అగ్రిమెంటు రాసుకుని ఉంటే, డబ్బు ఒకరి దగ్గర, ఇల్లు ఇంకొకరి దగ్గర ఉండేవి.

ఏజెంటు తనంతట తాను చెప్పింది మరొకటి ఉంది, అది ఏ పత్రంలోనూ దొరికేది కాదు. పాత సేల్ డీడులో “ఒక కారు పార్కింగు” అని మాత్రమే ఉంది, నంబరు లేదు. ప్రస్తుతం వాడుతున్న చోటు మీద ఇంతకుముందు పక్క ఫ్లాటువారితో తగాదా నడిచిందట. సొసైటీ రికార్డు ప్రకారం ఈ ఫ్లాటుకు కేటాయించింది వేరే స్థలం, స్తంభం పక్కన ఇరుకైనది. ఈ మాట బయటకు వచ్చాకే ధర 84 లక్షలకు దిగింది. అమ్మేవారిని ఒప్పించింది కూడా ఏజెంటే. సొసైటీ నుంచి పార్కింగు నంబరుతో లేఖ తీసుకుని, కొత్త సేల్ డీడు షెడ్యూలులో ఆ నంబరు రాయించాం.

అన్నిటికంటే బరువైన చిక్కు పన్నుది. 50 లక్షలు, ఆపై విలువ గల ఆస్తికి ఒక శాతం టీడీఎస్ అన్నది అమ్మేవారు భారత నివాసి అయితేనే. ప్రవాసికి చెల్లిస్తే అప్పటి ఆదాయపు పన్ను చట్టం 195వ సెక్షన్ కింద దీర్ఘకాల మూలధన లాభం మీద 20 శాతం, దాని మీద సర్‌చార్జీ, సెస్సు కలిపి మినహాయించాలి. 50 లక్షల నుంచి కోటి మధ్య మొత్తానికి అది 22.88 శాతం అవుతుంది. అసలు లాభం ఎంతో నిర్ధారించే ధ్రువపత్రం లేకపోతే మొత్తం ధర మీద మినహాయించడమే కొనేవారికి క్షేమం. 84 లక్షల మీద అది 19 లక్షల 20 వేలకు పైనే. ఏజెంటు చెప్పినట్టు ఒక శాతం, అంటే 84 వేలు కట్టి ఊరుకుంటే, తక్కువ మినహాయించిన పన్ను, దాని మీద నెలనెలా వడ్డీ కొనుగోలుదారుల మెడకు చుట్టుకునేవి. అమ్మేవారు అమెరికాలో నిశ్చింతగా ఉండేవారు.

ఈ మాట చెప్పగానే అమ్మేవారు మండిపడ్డారు. తన లాభం అంత లేదు, 19 లక్షలు ఎందుకు ఆపాలి అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. దానికి చట్టంలోనే దారి ఉంది. అప్పట్లో అమ్మేవారు ఫారం 13 ద్వారా దరఖాస్తు చేసుకుంటే, అసలు లాభం లెక్కగట్టి తక్కువ మినహాయింపుకు ఆదాయపు పన్ను శాఖ ధ్రువపత్రం ఇచ్చేది. అందులో కొనుగోలుదారు టాన్ (పన్ను మినహాయించేవారికి ఇచ్చే) నంబరు ఉండేది కనుక దంపతులు ముందుగా టాన్ తీసుకోవలసి వచ్చింది. ఏజెంటు, తమ్ముడు, అమ్మేవారు, దంపతులు అందరూ ఉన్న వీడియో కాల్‌లో ఇదంతా మాట్లాడుకున్నాం. ఛార్టర్డ్ అకౌంటెంటును వెతికిపెట్టింది, అమ్మేవారికి రాత్రివేళ ఫోన్లు చేసి కాగితాలు తెప్పించింది ఏజెంటే. రెండో భాగం, మూడో భాగం ఆయనకు ఇంకా రావలసి ఉన్నాయి మరి.

అగ్రిమెంటు రాసుకున్నాం కానీ అడ్వాన్సు పది లక్షల నుంచి రెండు లక్షలకు తగ్గించాం. కారణం: ధ్రువపత్రం రాకముందు ఇచ్చే ప్రతి రూపాయి మీదా పూర్తి రేటున మినహాయించాలి, ఆ పన్ను మినహాయింపు అడ్వాన్సుకూ వర్తిస్తుంది. పైగా అమ్మే అధికారంతో కొత్త జీపీఏ ఇంకా చేతికి రాలేదు కనుక ఆ అగ్రిమెంటు మీద సంతకం కూడా అమ్మేవారిదే కావాలన్నాను. అది అమెరికా నుంచి వచ్చింది. డబ్బు అమ్మేవారి ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే (ప్రవాసులకు ఇక్కడ ఉండే బ్యాంకు ఖాతా) వెళ్లింది. ఈ ఒక్క ఫ్లాటు అమ్మకానికే పరిమితమైన కొత్త జీపీఏ కాన్సులేటులో రాయించి పంపారు. విదేశంలో రాసిన పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ పని పూర్తయ్యాక, పన్ను ధ్రువపత్రం వచ్చాక, స్లాటు బుక్ చేసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. ధ్రువపత్రంలోని రేటు ప్రకారం మినహాయించిన పన్ను కట్టి, ఆ త్రైమాసికానికి 27క్యూ (ప్రవాసికి మినహాయించిన పన్ను వివరాల రిటర్ను) దాఖలు చేసి, అమ్మేవారికి టీడీఎస్ సర్టిఫికెట్ పంపారు. లింకు డాక్యుమెంట్లతో సహా ఒరిజినల్స్ చేతికొచ్చిన రోజున ఏజెంటు మూడో భాగం అందుకున్నాడు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి

2024 జూలై 23 నుంచి దీర్ఘకాల మూలధన లాభం రేటు 12.5 శాతమైంది, లెక్కలు మారాయి. అమ్మేవారు ఏ దేశ నివాసి అన్నది మాత్రం ఇప్పుడు నేను మొదటి ఫోన్‌లోనే అడిగిస్తున్నాను, పత్రాల కంటే ముందు. అమ్మేవారి ముఖం చూడకుండా, గొంతు వినకుండా జీపీఏ మీద ఎంత చిన్న మొత్తమూ ఇవ్వవద్దని చెబుతున్నాను. తాము ఎంతవరకు వెళ్లగలరో ఏజెంటుకు చెప్పవద్దని కూడా. ఈ దంపతులు 85 అని చెప్పిన మాటను మేం వెనక్కి తీసుకోలేకపోయాం. ఇరువైపులా తీసుకునే మనిషి మోసగాడు కానక్కర్లేదు, ఆ అంకె ఆయన చెవిన పడితే చాలు, ఎక్కడ బేరం కుదురుతుందో ఆయనకు తెలిసిపోతుంది.

మూడు భాగాల ఒప్పందాన్ని తర్వాత మరికొన్ని కొనుగోళ్లలో వాడాను. కొందరు ఏజెంట్లు మొదటి భాగాన్ని చూసి వెంటనే ఒప్పుకుంటారు. కొందరు కాగితం అనగానే వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్ల గురించి కొనేవాళ్లు బాధపడాల్సిన పని లేదని నా నమ్మకం. కమిషన్ ఎప్పుడు, ఎవరి నుంచి, ఎంత అన్నది రాయడానికి ఇష్టపడని మనిషి ఫ్లాటు గురించి తెలిసినదంతా చెబుతాడని నేను అనుకోను.

ఈ పద్ధతి పనిచేయని చోటు ఒకటుంది. బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటు కొంటున్నప్పుడు ఏజెంటు డబ్బంతా బిల్డరే ఇస్తాడు, కొనేవారిని పైసా అడగడు. అక్కడ మన 42 వేలకు బరువుండదు. అలాంటప్పుడు ఆయనను బిల్డరు మనిషిగానే చూడాలి. ప్రాజెక్టు నమోదు, మంజూరైన ప్లాను, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే విస్తీర్ణం), అప్పగించే తేదీ రెరా వెబ్‌సైటులో మనమే చూసుకోవాలి. ఏజెంటు నోటితో చెప్పిన క్లబ్‌హౌసు, పార్కింగు, లిఫ్టుల లెక్క ఏదైనా సరే, బిల్డరు సంతకం చేసే అగ్రిమెంటులో వరుసగా రాయించుకోవాలి. బిల్డరు ఆ వరుసలో దేన్ని కొట్టేస్తాడో చూస్తే, ఏజెంటు చెప్పినవాటిలో ఎంత నిలబడుతుందో సంతకానికి ముందే తెలుస్తుంది.